ఎంచుకోని వాళ్లు ఏమవుతారు?

1994 మే నెలలో జపాన్‌లో కొనామీ కంపెనీ ‘తోకిమెకి మెమోరియల్’ అనే వీడియో గేమ్‌ను అమ్మకానికి పెట్టింది. ఆడేవాడు అప్పుడే హైస్కూల్లో చేరిన కుర్రాడు. చేతిలో మూడేళ్లు ఉంటాయి. వారమంతా చదువో, ఆటలో, బొమ్మలు వేయడమో ఏదో ఒకటి సాధన చేయాలి. ఆదివారం వస్తే ఎవరో ఒక అమ్మాయికి ఫోన్ చేసి సినిమాకో పార్కుకో రమ్మని అడగాలి. చివరి రోజున బడి ఆవరణలో ఉన్న పాత చెట్టు కింద ఒక అమ్మాయి తనంతట తాను వచ్చి ప్రేమను చెబితే గెలిచినట్టు. ఆ చెట్టు కింద ఒకటైన జంట కలకాలం సుఖంగా ఉంటుందని ఆ బడిలో అందరి నమ్మకం.

చిక్కంతా మిగతా అమ్మాయిలతోనే. యోషియో అనే స్నేహితుడికి ఫోన్ చేస్తే ఎవరికి మన మీద ఎంత ఇష్టముందో పూస గుచ్చినట్టు చెబుతాడు. పరిచయం చేసుకుని ఆ తర్వాత పట్టించుకోకుండా వదిలేసిన అమ్మాయి ఉంటే, ఆ వివరాల్లో ఆమె దగ్గర ఒక బాంబు గుర్తు కనిపిస్తుంది. అప్పటికీ ఊరుకుంటే అది పేలుతుంది. ఆ అమ్మాయి మనసు నొచ్చుకున్న సంగతి అందరికీ పాకిపోయి, మిగతా వాళ్లకు మన మీద ఉన్న ఇష్టం కూడా ఒక్కసారిగా పడిపోతుంది. పక్కింటి చిన్ననాటి స్నేహితురాలు షియోరిని మెప్పించడం అన్నిటికంటే కష్టం. ఆమె కోసం చదువులో, ఆటల్లో, కళల్లో అన్నింటా పైకి రావాలి. కానీ ఒక్కోదాంట్లో పైకి వచ్చేకొద్దీ దానికి తగ్గ కొత్త అమ్మాయి పరిచయమవుతుంది. అంటే షియోరి కోసం పడే శ్రమే కొత్త బాంబులను తెచ్చిపెడుతుంది. ఆ కష్టాన్ని ఎవరూ పైనుంచి తెచ్చి అతికించలేదు, ఆట లెక్కల్లోంచే పుట్టుకొచ్చింది.

ఒకరిని ఎంచుకుంటే మిగతా వాళ్లు ఏమవుతారన్న ప్రశ్నను ఆ గేమ్ అంకెల్లో వేసింది. విజువల్ నావెల్ రాసేవాళ్లు అదే ప్రశ్నను కథలో ఎదుర్కొంటారు. రొమాన్స్ కథల్లో రూట్ల మధ్య సమతూకం కుదిరిందా లేదా అన్నది చాలావరకు ఆ ప్రశ్నకు వాళ్లు చెప్పుకున్న జవాబును బట్టే తేలుతుంది.

ఎప్పుడూ ఆడని వాళ్లకు నాలుగు మాటల్లో చెప్పాలంటే, విజువల్ నావెల్ బొమ్మలతో, సంగీతంతో, ఒక్కోసారి గొంతుతో సహా సాగే నవల. తెర మీద ఒక గది, అందులో ఒక మనిషి బొమ్మ, కింద పెట్టెలో మాటలు. నొక్కుతూ చదువుకుంటూ పోవాలి. అక్కడక్కడా కథ ఆగి, ఇప్పుడేం చేస్తావని రెండు మూడు దారులు చూపిస్తుంది. కొంతదూరం వరకూ అందరూ చదివేది ఒకే కథ, దాన్ని కామన్ రూట్ అంటారు. అక్కడినుంచి ఒక్కో పాత్రతో ఒక్కో రూటు విడిపోతుంది. ప్రతి రూటుకీ ఒక మంచి ముగింపు, ఒకటో రెండో చెడ్డ ముగింపులు ఉండటం మామూలు. అన్నీ చదివాక గానీ తెరుచుకోని అసలు ముగింపు ఒకటి ఉంటే దాన్ని ట్రూ ఎండ్ అంటారు.

పది చోట్ల మూడేసి ఎంపికలు ఇచ్చి, ప్రతిదానికీ వేరే కథ రాయాలంటే 59,049 కథలు రాయాలి. అది ఎవరి వల్లా కాదు. అందుకే చాలా ఎంపికలు కథను అప్పటికప్పుడు మలుపు తిప్పవు. లోపల ఎక్కడో ఒక పాత్ర ఖాతాలో ఒక పాయింటు జమవుతుంది, కథ మళ్లీ మామూలు దారికి వచ్చేస్తుంది. కొన్ని అధ్యాయాల తర్వాత ఆ పాయింట్లను కూడి చూసి రూటు తేలుస్తారు. ఈ ఏర్పాటులో ఒక ప్రమాదం ఉంది. ఎవరు ఎదురైతే వాళ్లకు నచ్చే మాట చెబుతూ పోతే చాలునని చదివేవాడికి అర్థమైపోతుంది. అవతలి మనిషి అప్పుడు మనిషిగా కనిపించడం మానేస్తుంది.

ఈ ప్రమాదాన్ని గట్టిగా ఎదుర్కొన్న పుస్తకం ‘కతావా షోజో’. పుస్తకమనే అనాలి, దాన్ని చదివిన తీరు అలాంటిది. ఇంటర్నెట్‌లో కలుసుకున్న ఔత్సాహికులు ఫోర్ లీఫ్ స్టూడియోస్ అనే పేరుతో ఏళ్లపాటు పనిచేసి, 2012 జనవరి 4న ఉచితంగా విడుదల చేశారు. పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన కథ ఇది. గుండె లయ తప్పే జబ్బు బయటపడి ఆసుపత్రిలో నెలలు గడిపిన హిసావో అనే కుర్రాడు దివ్యాంగ విద్యార్థుల బడిలో చేరతాడు. అక్కడ అయిదుగురు అమ్మాయిలు, అయిదు రూట్లు. ఒక్కో రూటూ ఒక్కో రచయిత రాశాడు. మొదటి అంకంలో ఎవరికీ దగ్గర కాకుండా పోతే, హిసావో మేడ మీద కెంజి అనే వింత కుర్రాడితో తాగుతూ కూర్చుని అక్కడినుంచి పడిపోవడంతో కథ అయిపోతుంది. ఎటూ తేల్చుకోకపోవడాన్ని కూడా ఒక నిర్ణయంగానే లెక్కేశారు.

హనాకో రూటును కాస్త దగ్గరగా చూడాలి. చిన్నప్పుడు ఇల్లు కాలిపోయి అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్ల. ఒంటికి కుడివైపంతా కాలిన మచ్చలు. నలుగురిలోకి రావడానికి భయపడి లైబ్రరీలో ఓ మూల కూర్చుంటుంది. ఇలాంటి కథలకు అలవాటు పడ్డవాడు వెంటనే ఏం చేస్తాడు? ఆమెను కనిపెట్టుకుని ఉండే మాటలను ఎంచుకుంటాడు. దయ చూపిస్తే పాయింట్లు వస్తాయన్నది అతను నేర్చుకున్న పాఠం. ఇక్కడ ఆ పాఠం తలకిందులైంది. ఆమెను పసిపిల్లలా కాపాడుతూ, అడగకపోయినా వెంటపడి బాగోగులు చూస్తూ పోతే, ఒకరోజు హనాకో ఏళ్ల తరబడి దిగమింగుకున్న కోపమంతా కక్కేసి హిసావోను వెళ్లగొడుతుంది. ఆ చెడ్డ ముగింపు చదివాక వెనక్కి వెళ్లి చూస్తే, మనం ఎంచుకున్న మంచి మాటలన్నిటిలోనూ జాలి తొంగిచూస్తూ ఉంటుంది. ఆ ముగింపు, చదివినవాడు చేసిన పనిలోంచే వచ్చింది. న్యాయమైన ముగింపు అంటే ఇలా ఉండాలి.

షిజునే రూటు దీనికి పూర్తిగా భిన్నం. వినికిడి లేని షిజునేకూ, ఆమె చేతి సైగలను అందరికీ మాటల్లో చెప్పే మిషాకూ విడదీయరాని స్నేహం. ఆ రూటు మొత్తంలో ఉన్న ఎంపిక ఒక్కటే. షిజునేను ప్రేమించి కాదనిపించుకున్న మిషా, హిసావో దగ్గరికి వచ్చి ఓదార్పు అడుగుతుంది. ఆ ఒక్క చోట చెప్పిన జవాబే ముగ్గురి సంగతీ తేల్చేస్తుంది. ఒక్క ఎంపిక ఏమిటని పెదవి విరిచిన పాఠకులున్నారు. కానీ ఆ ఒక్కటీ ఎవరూ ఎంచుకోని అమ్మాయి ముఖం మీదే పెట్టడం చిన్న విషయం కాదు. అయిదు రూట్లకు సమానంగా పేజీలు, సమానంగా ఎంపికలు పంచి ఉంటే ఈ కథ ఇలా వచ్చేది కాదు.

తెలుగు పాఠకుడికి ఇదేమీ కొత్త సమస్య కాదు. ఇద్దరు కథానాయికల సినిమాలు ఎన్ని చూడలేదు? చివరి రీళ్లలో రెండో అమ్మాయి త్యాగం చేస్తుంది, లేదా హీరోకి అడ్డంపడి తూటా తింటుంది. సినిమా ఒక్కసారే జరుగుతుంది కాబట్టి ఆ సర్దుబాటు చెల్లిపోతుంది. విజువల్ నావెల్‌లో పాఠకుడు మళ్లీ మొదటికి వెళ్లి ఆ రెండో అమ్మాయితోనే కథ నడిపిస్తాడు. ఆమెకు నిండు జీవితం లేకపోతే అక్కడ దొరికిపోతుంది.

టైప్-మూన్ సంస్థకు కినోకో నాసు రాసిన ‘ఫేట్/స్టే నైట్’ 2004 జనవరిలో వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024లో, అధికారికంగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మూడు రూట్లు ఉన్నాయి గానీ నచ్చిన వరుసలో చదివే వీల్లేదు. ముందు సేబర్, తర్వాత రిన్, చివర సకురా. సకురా మొదటి పేజీల నుంచీ ఉంటుంది. రోజూ పొద్దున్నే కథానాయకుడు షిరో ఇంటికి వచ్చి వంట చేసే నెమ్మదస్తురాలు. మొదటి రెండు రూట్లలో, కథలో నడిచే యుద్ధం ముదిరేకొద్దీ ఆమె పక్కకు తప్పుకుంటుంది, మనమూ మర్చిపోతాం. మూడో రూటు తెరిచాక తెలుస్తుంది, పెంపుడు ఇంట్లో చిన్ననాటి నుంచి ఆ పిల్ల పడిన హింస ఎంతటిదో. అది మొదటి రెండు కథల్లోనూ ఉన్నదే. షిరో గెలిచిన ఆ రెండుసార్లూ అతనికి అది తెలియదు. అందరినీ కాపాడే వీరుడు కావాలన్నది అతని కల. ఆ కలను పక్కన పెట్టి ఒక్క మనిషి వైపు నిలబడతాడా అన్నదే మూడో రూటు. వరుస తారుమారైతే ఈ దెబ్బ తగలదు. ఇక్కడ సమతూకం పేజీల లెక్కలో లేదు, చదివే క్రమంలో ఉంది. ఇల్యా అనే అమ్మాయికి కూడా మొదట విడిగా ఒక రూటు అనుకున్నారు, చివరికి దాన్ని సకురా కథలో కలిపేశారు. ఉన్న మూడూ ఒకదానిపై ఒకటి నిలబడటానికి ఆ కోత కూడా కారణమే అనిపిస్తుంది.

కీ సంస్థ 1999లో తెచ్చిన ‘కానన్’లో ఒక అమ్మాయికి ప్రాణం తీసే జబ్బు. ఆమె రూటు మంచి ముగింపుకి చేరితే కోలుకుంటుంది. మరి వేరే అమ్మాయి రూటు చదివితే? కథ మాట్లాడదు. ఈ మౌనం చాలామందిని ఇబ్బంది పెట్టింది. అదే సంస్థ 2004లో తెచ్చిన ‘క్లానాడ్’ దీనికి అందమైన ఉపాయం చూపింది. వేర్వేరు పాత్రల కథలను మంచి ముగింపుకు చేరిస్తే ఒక్కో వెలుగు గోళం దక్కుతుంది. కథానాయకుడు తొమోయా, కథానాయిక నగిసాల పెళ్లితో, ఉద్యోగంతో, బిడ్డతో సాగే చివరి భాగంలో ఆ వెలుగులు కూడి ఉంటేనే విషాదం మలుపు తిరుగుతుంది. వెనకటి రూట్లలో ఇతరులకు చేసిన మేలు ఏదీ చెరిగిపోదు. నగిసాను ఇష్టపడిన పాఠకుడు కూడా మిగతా వాళ్లను పలకరించక తప్పదు.

2009 నాటి ‘స్టైన్స్;గేట్’ మాత్రం చేదు మందే పోస్తుంది. అకిహబారాలో గతానికి మెసేజ్‌లు పంపే యంత్రాన్ని కనిపెట్టిన ఒకాబే, చిన్ననాటి స్నేహితురాలు మయూరిని చావు నుంచి తప్పించడానికి, పంపిన మెసేజ్‌లను ఒక్కొక్కటిగా రద్దు చేసుకుంటూ రావాలి. ప్రతి మెసేజ్ వెనకా ఎవరిదో ఒక కోరిక ఉంది. ఫెయిరిస్ అనే స్నేహితురాలి తండ్రి బతికి ఉన్నది ఒక మెసేజ్ వల్లే. దాన్ని రద్దు చేయడానికి చేతులు రాక ఆగిపోతే ఫెయిరిస్‌తో ముగింపు వస్తుంది, కానీ ఆ లోకంలో పాత స్నేహితులకు ఒకాబే ఎవరో తెలియదు. లుకా అనే మరో పాత్ర దగ్గర ఆగితే లుకాతో ముగింపు. ప్రేమ కథలన్నీ ఇక్కడ మధ్యలో దిగిపోయిన స్టేషన్లే. ముందుకు వెళ్లిన ప్రతిసారీ ఒకరి కోరికను మన చేత్తోనే చెరిపేస్తాం, వాళ్ల ఎదుటే. ఇంత నిజాయతీగా బిల్లు చేతిలో పెట్టిన కథలు తక్కువ.

అమ్మాయిల కోసం రాసే ఒతోమె గేమ్‌ల సంప్రదాయం కూడా 1994 లోనే, కోయెయ్ కంపెనీ ‘ఏంజెలిక్’తో మొదలైంది. అక్కడ కథానాయిక ఒకరు, చుట్టూ అబ్బాయిలు. 2014లో వచ్చిన ‘కోడ్: రియలైజ్’లో లూపిన్ రూటుకు తాళం వేసి ఉంటుంది, మిగతా నలుగురి కథలూ పూర్తయ్యాకే తెరుచుకుంటుంది. అసలు రహస్యాన్ని చివరికి దాచడానికి ఇది మంచి పద్ధతే గానీ, ముందు నలుగురూ మెట్లు మాత్రమేనా అనే అనుమానం కూడా తెస్తుంది. కొరియాకు చెందిన చెరిట్జ్ 2016లో తెచ్చిన ‘మిస్టిక్ మెసెంజర్’లో పాత్రలు ఫోన్‌లో నిజమైన వేళల్లో చాట్ చేస్తాయి, అర్ధరాత్రి కూడా. అందులో రూటు ఉన్నవాళ్లలో జేహీ ఒక్కతే అమ్మాయి. ఆమె రూటు ఇద్దరూ కలిసి కాఫీ షాపు నడుపుకునే స్నేహంగా ముగుస్తుంది. మిగతా వాళ్లతో ప్రేమ, ఆమెతో స్నేహమేనా అని చాలామంది అభిమానులు నొచ్చుకున్నారు. వాళ్ల బాధలో న్యాయముంది.

అసలు రూటే లేని పాత్రను తీసుకుని దాన్నే కథగా మార్చినవాడు డాన్ సాల్వాటో. 2017 సెప్టెంబరులో వచ్చిన ‘డోకి డోకి లిటరేచర్ క్లబ్’ పైకి ముచ్చటగా ఉంటుంది. రాత్రికి ఒక కవిత రాయాలి, అంటే తెర మీద కనిపించే మాటల్లోంచి ఇరవై ఎంచుకోవాలి. ఒక్కో మాట సయోరికో, నట్సుకికో, యూరికో నచ్చుతుంది, నచ్చిన అమ్మాయి బుల్లి బొమ్మ ఎగిరి గంతేస్తుంది. క్లబ్ అధ్యక్షురాలు మోనికా కోసం ఒక్క మాటా ఉండదు. తనకు రూటు రాయలేదన్న సంగతి ఆ పాత్రకు తెలుసు. అక్కడినుంచి కథ భయంకరంగా మారుతుంది. ఆత్మహత్య, స్వీయహింస దృశ్యాలు ఉన్నాయి కాబట్టి పిల్లలకూ, మనసు నలిగి ఉన్నవాళ్లకూ పనికిరాదు.

‘కతావా షోజో’, ‘డోకి డోకి’ రెండూ రెన్‌పై అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తయారైనవే. టామ్ రాథమెల్ 2004లో మొదలుపెట్టిన ఈ పనిముట్టుతో ప్రోగ్రామింగ్ పెద్దగా రానివాళ్లు కూడా కథ కట్టుకోవచ్చు. ఒక ఎంపిక కింద ఫలానా పాత్రకు ఒకటి కలుపు అని ఒక వరుస, అధ్యాయం చివర ఎవరికి ఎక్కువుందో చూడు అని ఇంకో వరుస రాస్తే రూటు విడిపోతుంది. ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా మన లిపిని తెర మీద చూపించగల సదుపాయం ఇటీవలి వెర్షన్లలో చేరింది. తెలుగులో రాయాలనుకునే కుర్రాళ్లకు యంత్రం వైపు నుంచి పెద్ద అడ్డంకి లేదు. అలా మొదలుపెట్టేవాళ్లు మొదటి ముద్దు సీను కంటే ముందు ఒక పట్టిక వేసుకోవడం మంచిది. నిలువు గడుల్లో అధ్యాయాలు, అడ్డు గడుల్లో పాత్రలు. ప్రతి గడిలోనూ, హీరో పక్కన లేనప్పుడు ఆ మనిషి ఎక్కడుంది, ఏం చేస్తోంది, ఎవరితో మాట్లాడుతోంది అన్నది ఒక్క వాక్యం రాయాలి. ఖాళీగా మిగిలిన గడులు ఎక్కువగా ఎవరి పేరు ఎదుట ఉన్నాయో చూసుకుంటే, ఇంకా ఎవరి రూటు రాయాల్సి ఉందో అక్కడే తెలిసిపోతుంది.