బిళ్ల కట్టినప్పుడు

గొంతు నొప్పి వచ్చినప్పుడు మెడలోనూ, కాలికి పుండు లేచినప్పుడు గజ్జలోనూ చిక్కుడు గింజంత బిళ్ల కట్టటం మీలో చాలామందికి అనుభవమే. అది లింఫు గ్రంథి. ఒంట్లో జొరబడిన క్రిములను పట్టి చంపే ఠాణా. పని పెరిగితే ఉబ్బుతుంది, పని తీరాక కొద్ది వారాలలో తగ్గిపోతుంది.

కాని కొన్ని బిళ్లలు తగ్గవు, పెరుగుతాయి. లోపల చీము పట్టిందా? క్షయ చేరిందా? అంతకన్న పెద్ద జబ్బా? వేలితో నొక్కి చూస్తే అన్నీ తెలియవు. కోసి చూద్దామంటే పసివాడాయె!

ఇక్కడ ధ్వని సాయపడుతుంది. సెకనుకు 20,000 కంపనాలు దాటిన ధ్వని మన చెవికి వినిపించదు. గబ్బిలం చీకట్లో దారి చూసుకునేది అటువంటి ధ్వనితోనే. డాక్టరు చేతి పరికరమైతే సెకనుకు కోటి కంపనాలు పుట్టిస్తుంది. నడుమ గాలి ఉంటే ధ్వని లోపలికి పోదు గనక, ముందు మెడకు చల్లని జెల్లీ పూస్తారు. పిల్లలు కితకితలని నవ్వేది అప్పుడే. లోపలి పొరలకు తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనులు తెరమీద బొమ్మ కడతాయి. నొప్పి లేదు, ఎక్సురే కిరణాలూ లేవు.

క్రిములతో పోరాడి ఉబ్బిన గ్రంథి సాధారణంగా కోలగా ఉంటుంది. దాని నడుమ తెల్లని చార కనిపిస్తుంది. రక్తం వచ్చేదీ పోయేదీ అక్కడినుంచే. గ్రంథి గుండ్రంగా మారి, ఆ చార మాయమైతే డాక్టరుకు అనుమానం తగులుతుంది. అయినా బొమ్మ ఒక్కటే తీర్పు చెప్పలేదు. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలసి రావచ్చు.

మెడ కింద అడ్డంగా ఉండే ఎముకకు పైన బిళ్ల కడితే మాత్రం, అది ఎంత చిన్నదైనా సరే, వారాలు లెక్కపెడుతూ కూర్చోక వెంటనే డాక్టరుకు చూపించాలి.