ఒకే చిలక్కొయ్యకు నాలుగు వీసాలు

ఇంటర్నేషనల్ సిటీలో ఉండే మనకి దేశాలు దాటడం మహా తేలిక. ఇంగ్లండ్ క్లస్టర్‌లో అద్దెకుంటూ, పర్షియాలో కూరలు కొనుక్కుని, చైనా మీదుగా డ్రాగన్ మార్ట్‌కి షికారు వెళ్ళి రావచ్చు. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అంతకన్నా అక్కర్లేదు! కానీ ఆ అద్దె ఇంట్లో భార్యాపిల్లలతో ఉండాలంటే మాత్రం వీసాలు కావాలి. చాలా ఇళ్ళల్లో అవన్నీ ఒకే చిలక్కొయ్యకు వేలాడుతుంటాయి. ఆ చిలక్కొయ్య పేరు ఇంటాయన ఉద్యోగం.

మా కంప్యూటర్ల భాషలో దీన్ని 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అంటారు. ఒక్క సర్వర్ ఆగితే ఆఫీసంతా ఆగిపోయే ఏర్పాటన్నమాట. అలాంటి డిజైన్ ఇస్తే ఏ క్లయింటూ ఒప్పుకోడు. ఇంట్లో మాత్రం ఏళ్ళ తరబడి దాంతోనే నెట్టుకొస్తాం.

2008-09 మాంద్యంలోనూ, 2020 కరోనా రోజుల్లోనూ దుబాయ్‌లో ఎన్నో ఉద్యోగాలు పోయాయి. ఉద్యోగం పోయాక కంపెనీ మన వీసా రద్దు చేయాలంటే, ముందు మన స్పాన్సర్‌షిప్ మీదున్న భార్యాపిల్లల వీసాల సంగతి తేలాలి. కొత్త ఉద్యోగం ఖాయమైతే, డిపాజిట్ కట్టి వాటిని 'హోల్డ్'లో పెట్టమని ఆమెర్ సెంటర్‌లో అడగవచ్చు. లేకపోతే రద్దు చేయించాలి. ఆ తర్వాత దేశంలో ఉండటానికి ఒకప్పుడు సాధారణంగా 30 రోజులే ఇచ్చేవారు. 2022 అక్టోబరులో వచ్చిన పద్ధతిలో, వీసా తరగతిని బట్టి 180 రోజుల దాకా ఇస్తున్నారు. అందరికీ ఒకటే లెక్క కాదు కాబట్టి పక్కింటివారి మాట కాక, మన కాగితం మీది తేదీనే నమ్ముకోవాలి. గడువు దాటితే మనిషికి రోజుకు 50 దిర్హాముల జరిమానా. నలుగురుంటే 200!

మన క్లస్టర్ల మిత్రుడొకరు ఉద్యోగం పోయిన సంగతి మూడు వారాలు ఇంట్లో చెప్పలేదు. రోజూ బ్యాగు తగిలించుకుని బయలుదేరడం, సాయంత్రం దాకా డ్రాగన్ మార్ట్‌లో కూర్చోవడం. చివరికి విషయం తెలిసినప్పుడు ఆవిడ ఏడవలేదు. "ఏమండీ, దేరాలో అకౌంటెంట్ ఉద్యోగానికి పోయిన వారమే రానని చెప్పేశాను. ముందే తెలిస్తే చేరేదాన్ని కదా!" అన్నారట. పరువు కోసం దాచిన మాట, ఇంటికి దొరికిన రెండో ఆధారాన్ని పోగొట్టింది.

ఆ రెండో ఆధారం గురించే నేను చెప్పదలచుకున్నది. 2019లో ఇక్కడి ప్రభుత్వం కుటుంబాన్ని స్పాన్సర్ చేయడానికి వృత్తితో పని లేకుండా ఆదాయాన్నే ప్రమాణం చేసింది: జీతం కనీసం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి. మగవారితో పాటు ఆడవారికీ ఈ దారి ఉంది. వారికి ఏయే కాగితాలు కావాలో ఆమెర్‌లో ముందే కనుక్కోండి. ఒక మెలిక గుర్తుంచుకోవాలి. భర్త వీసా మీదే ఉంటూ, వర్క్ పర్మిట్‌తో భార్య ఉద్యోగం చేయవచ్చు. జీతం వస్తుంది కానీ చిలక్కొయ్య మారదు! ఆమె వీసా తన కంపెనీ మీద ఉంటేనే, భర్త ఉద్యోగం పోయినా అది నిలబడుతుంది.

మిగతా ఆధారాలూ తెలుసుకోండి. ప్రైవేటు రంగంలో నోటీసు కాలం 30 నుంచి 90 రోజులు. కంపెనీయే తీసేస్తే, ఆ రోజుల్లో ఉద్యోగం వెతుక్కోవడానికి వారానికో రోజు జీతం లేని సెలవు అడగవచ్చు. రావలసిన బకాయిలు 14 రోజుల్లో చెల్లించాలి. 2023 జనవరిలో మొదలైన నిరుద్యోగ బీమాలో కనీసం 12 నెలలు వరుసగా ఉంటే, మూల వేతనంలో 60 శాతం, పరిమితికి లోబడి మూడు నెలల దాకా వస్తుంది. దరఖాస్తు 30 రోజుల్లోపు పెట్టుకోవాలి. రాజీనామా చేసినవారికీ, క్రమశిక్షణ చర్య మీద తొలగించినవారికీ ఇది వర్తించదు.

ఈ శుక్రవారం భోజనాలయ్యాక దంపతులిద్దరూ కూర్చుని అటెస్ట్ చేయించిన పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల జనన ధృవపత్రాలు, ఇద్దరి డిగ్రీలు ఒకే ఫైల్లో పెట్టండి. ఎవరి వీసా ఎవరి మీద ఉందో ఒక కాగితం మీద రాసుకోండి.

పిల్లలూ, మీకో మాట. ఎప్పుడైనా నాన్నగారు కొన్నాళ్ళు పొద్దుటిపూట ఇంట్లోనే కనిపిస్తే, బడి నుంచి రాగానే ఆయనతో ఓ ఆట క్యారమ్స్ ఆడండి. అమ్మానాన్నలు దాచకుండా చెప్పుకునే ఇంట్లో, కష్టం ఒక్కరి మీదే పడదు.