ద్రావణం మారింది, చీటీ మారలేదు

రసాయనశాలలో మాకు మొదట నేర్పే పాఠాలలో ఒకటి: సీసాలో ద్రావణం మార్చితే దానిపై చీటీ కూడా మార్చాలి. ఒక మోలార్ ఆమ్లమని రాసిన సీసాలో ఎవరో ఆరు మోలార్ ఆమ్లం పోసి ఉంచితే, చీటీ లేని సీసా కంటె అది ప్రమాదకరం. చీటీ లేకపోతే అనుమానిస్తాము; ఉంటే నమ్ముతాము. కంప్యూటరు ప్యాకేజీలకూ వాటి వివరణ పత్రాలకూ ఉన్న సంబంధం ఇటువంటిదే.

విశ్వవిద్యాలయాలలో విజ్ఞానశాస్త్రం చదివే మన పిల్లలకు లేటెక్ పేరు సుపరిచితం. డొనాల్డ్ కనూత్ 1978లో వెలువరించిన టెక్ అనే ముద్రణ వ్యవస్థపై లెస్లీ లాంపోర్ట్ 1980వ దశకంలో దీనిని నిర్మించారు. దీని అనుబంధ ప్యాకేజీలు నేడు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని 1993లో ప్రకటితమైన సీటాన్ భాండాగారం భద్రపరుస్తుంది. 1996 నుండి టెక్ లైవ్ అనే సంపుటి మన యంత్రాలకు చేరుస్తుంది. మూలంతో మన ప్రతిని పోల్చి, మారినవాటిని మాత్రమే తెచ్చుకోవడాన్ని సింక్ చేయడం అంటారు.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో ఈ సింక్ ప్రతి శనివారం రాత్రి దానంతటదే జరిగేది. స్థలం ఆదా కోసం వివరణ పత్రాలను మినహాయించారు. ఒక పరిశోధక విద్యార్థిని రసాయన సమీకరణాల ప్యాకేజీ ఎంహెచ్‌కెమ్‌ను వాడుతూ, బల్లపై ఉన్న పాత ముద్రిత ప్రతిని అనుసరించింది. ఆ ప్రతి మూడవ రూపానికి చెందినది. స్నేహితురాలి నుండి తెచ్చుకున్న ఫైలు మాత్రం నాల్గవ రూపాన్ని కోరుతున్నది. యంత్రం ఏ దోషమూ చూపలేదు. కొన్ని సమీకరణాలు మాత్రం ఆమె ఉద్దేశించిన తీరులో అచ్చుకాలేదు. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి రెండు రోజుల ముందు అది బయటపడింది. ఆ రెండు రాత్రులూ ఆమె నిద్రపోలేదు.

తప్పు ప్యాకేజీ రచయితది కాదు. ప్రోగ్రామునూ వివరణనూ కలిపి రాయాలని కనూత్ 1984లో ప్రతిపాదించారు. అనేక లేటెక్ ప్యాకేజీలు ఆ మార్గంలోనే ఒకే మూల ఫైలుగా ఉంటాయి; దాని నుండే ప్రోగ్రామూ, చదువుకునే పత్రమూ రెండూ పుడతాయి. విడిపోయేది మన యంత్రంలోనే.

టెక్ లైవ్‌ను వివరణ పత్రాలు లేకుండా స్థాపించి, తరువాత మనసు మార్చుకొని ఆ ఐచ్ఛికాన్ని మార్చినంత మాత్రాన పాత ప్యాకేజీల పత్రాలు రావు. వాటిని మళ్ళీ స్థాపించవలసిందే. ఇది తెలియక చాలామంది పొరబడతారు. ఇక ఫైళ్ళను చేతితో నకలు చేసుకునేవారికి మరొక చిక్కు ఉన్నది. టెక్ తన ఫైళ్ళను వెదకడానికి ఒక సూచికను ఉంచుకుంటుంది. టెక్స్‌హ్యాష్ అనే ఆదేశంతో దానిని తిరిగి రాయించకపోతే, ఫైలు డిస్కులో ఉన్నా లేనట్లే. టెక్ లైవ్ నిర్వాహక ప్రోగ్రాము ద్వారా తెస్తే ఆ పని అదే చేస్తుంది.

ఇంటర్నెట్‌లో సరికొత్త పత్రం చూస్తే సరిపోదా? మన యంత్రంలోనిది పాతదైతే అదీ పొరబాటే. భారతదేశానికి గణించిన పంచాంగంలో తప్పు లేదు. కాని అమెరికాలో దాని ప్రకారం ఏకాదశి ఉపవాసం ఉంటే కొన్నిసార్లు తిథి తప్పుతుంది.

సరిచూసుకునే ఉపాయం సులభం. లేటెక్ పనిచేసినప్పుడల్లా రాసే లాగ్ ఫైలులో సాధారణంగా ప్రతి ప్యాకేజీ తేదీ, రూపసంఖ్య ఉంటాయి. టెక్స్‌డాక్ ఆదేశానికి ప్యాకేజీ పేరు ఇస్తే యంత్రంలోని వివరణ పత్రం తెరుచుకుంటుంది. దాని ముఖపత్రంపై తేదీని లాగ్‌లోని తేదీతో పోల్చాలి. రెండు నిమిషాల పని.

ఆ తరువాత మా ప్రయోగశాలలో పాత ముద్రిత ప్రతులన్నీ పారవేశాము, ఒక్కటి తప్ప. మూడవ రూపంలో రాసిన మా పాత నివేదికలు రెండు ఇంకా వాడుకలో ఉన్నాయి. అవి తెరిచినప్పుడు చదవవలసింది ఆ పాత పత్రాన్నే. అందుకే దానిపై ఎర్ర సిరాతో '3' అని రాసి బీరువాలో ఉంచాము.