సుత్తి, టోపీ, ట్యూబ్‌లైటు

"వాడు నాకు హ్యాండిచ్చాడమ్మమ్మా!" అని మనవడు చెబితే, "మంచిపని చేశాడు నాయనా, అవసరానికి చెయ్యందించినవాడే స్నేహితుడు" అని సంతోషించే అమ్మమ్మలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. పాపం, వాడు చెప్పింది దానికి సరిగ్గా వ్యతిరేకం! వస్తానని మాట ఇచ్చినవాడు చివరి నిమిషంలో రాలేదని వాడి బాధ.

ఇటువంటి మాటలను ఎవరూ నిఘంటువు చూసి నేర్చుకోరు. చాలా మాటలు మన పనిలోనుండి, ఇంట్లో వస్తువులలోనుండి పుట్టుకొచ్చినవే. వరికోత కడుపు నింపుతుంది. "కోతలు కోసేవాడు" మాత్రం లేని గొప్పలు చెప్పి మన చెవులు నింపుతాడు.

సుత్తి సంగతి చూడండి. సినిమా మాట ఎత్తినందుకు పెద్దలు కోపగించుకోవద్దు. 1982లో జంధ్యాల గారి దర్శకత్వంలో వచ్చిన 'నాలుగు స్తంభాలాట' చిత్రంతో ఈ మాట ఇంటింటికీ పాకింది. అందులో నవ్వించిన వీరభద్రరావు, వేలు గార్ల పేర్లకు ముందు 'సుత్తి' అనేది ఇంటిపేరులా స్థిరపడిపోయింది. మేకు తలమీద దెబ్బమీద దెబ్బ పడ్డట్టు, చెప్పిందే చెప్పి విసిగించడమే సుత్తి కొట్టడం. పోలిక ఎంత చక్కగా కుదిరిందో! ఉపన్యాసకులకూ, మావంటి రచయితలకూ ఈ మాటంటే కొంచెం భయమే.

అయితే కొన్ని మాటలు నవ్విస్తూనే తప్పును దాచేస్తాయి. లంచం ఇచ్చాననడానికి సిగ్గుపడేవాడు "చెయ్యి తడిపాను" అని తేలిగ్గా చెప్పేస్తాడు. మోసం చేసినవాడు "టోపీ పెట్టాడు" అనిపించుకుని తెలివైనవాడిగా చెలామణి అవుతాడు. మోసపోయినవాడేమో "బకరా" అవుతాడు. హిందీ, ఉర్దూలలో బకరా అంటే మేక. సొమ్ము పోగొట్టుకున్నదీ అతడే, నవ్వులపాలైనదీ అతడే! ఇదెక్కడి న్యాయం?

ఇక ట్యూబ్‌లైటు. చోకు, స్టార్టరు ఉన్న పాత ట్యూబులు స్విచ్ వేయగానే వెలిగేవి కావు. నాలుగైదుసార్లు మిణుకుమిణుకుమని, తీరిగ్గా వెలిగేవి. అందుకే ఆలస్యంగా గ్రహించేవారికి ఆ పేరు వచ్చింది. ఇప్పటి ఎల్‌ఈడీ ట్యూబులు వేసిన వెంటనే వెలుగుతున్నాయి. పాత ట్యూబును చూడని పిల్లలు కూడా తోటి పిల్లలను ఆ మాటే అంటున్నారు. వాళ్లనని ఏం లాభం? లెక్క త్వరగా అర్థంకాని పిల్లవాణ్ణి చుట్టాల ముందు "మావాడు ట్యూబ్‌లైటండీ" అని నవ్వుతూ పరిచయం చేసేది పెద్దవాళ్లమే. వాడూ నవ్వుతాడు. కొన్నాళ్లకు, తెలియనిది అడగడం మానేస్తాడు.

పల్లెల్లో వోల్టేజి తక్కువైన రాత్రుల్లో ఆ ట్యూబు ఎంతసేపు మిణుకుమన్నా వెలిగేది కాదు. అప్పుడు బల్లెక్కి స్టార్టరును తిప్పి చూసేవాళ్లం, పక్కింట్లో కరెంటు ఎలా ఉందో అడిగేవాళ్లం. ట్యూబును మాత్రం ఎవరూ తిట్టేవారు కాదు.