ఎడారిలో ఇల్లు: నూరేళ్ళ నీటికి పూచీ ఎవరు?

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో బకై అనే ఊరు ఉన్నది. 2000 సంవత్సరపు జనాభా లెక్కలలో అక్కడివారు 6,537 మంది. 2020 నాటికి 91,502 మంది. గిల్బర్ట్ అనే మరో ఊరి కథ ఇంకా చిత్రమైనది. 1980లో 5,717 మంది ఉన్న ఆ వ్యవసాయగ్రామం 2020 నాటికి 2,67,918 మంది జనంతో నగరమంత అయింది. ఈ రెండూ ఫీనిక్స్ మహానగరానికి శివార్లు; ఒకటి పడమట, మరొకటి తూర్పున. రెండూ సొనోరా ఎడారిలోనివే. ఏడాది పొడుగునా అక్కడ పడే వర్షం ఏడెనిమిది అంగుళాలు మాత్రమే. రమారమి మన జైసల్మేరులో కురిసేటంత.

ఇల్లు కొనేవారు సాధారణంగా ముందు ధర అడుగుతారు. ఆ తరువాత గదులు, పెరడు, పిల్లల బడి చూస్తారు. ఎడారి శివారులో మాత్రం మొట్టమొదట అడగవలసిన ప్రశ్న వేరు: ఈ ఇంటికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?

బూడిదనుంచి లేచిన నగరం

ఈ ప్రశ్న అక్కడివారికి కొత్తది కాదు. ప్రాచీన కాలంలో హోహోకమ్ ప్రజలు సాల్ట్ నదినుంచి వందలాది మైళ్ళ కాలువలు త్రవ్వి మొక్కజొన్న, ప్రత్తి పండించారు. పదిహేనవ శతాబ్దంలో వారి ఊళ్ళు పాడుబడ్డాయి. నాలుగు శతాబ్దాల తరువాత వచ్చిన వలసదారులు ఆ పాత కాలువల జాడలలోనే నీళ్ళు పారించి, బూడిదనుంచి మళ్ళీ పుట్టే ఫీనిక్స్ పక్షి పేరును కొత్త ఊరికి పెట్టుకున్నారు. 1911లో రూజ్‌వెల్ట్ ఆనకట్ట పూర్తయింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఎయిర్ కండిషనర్లు ఇంటింటికీ వచ్చాయి. 1950లో 1,06,818గా ఉన్న ఫీనిక్స్ జనాభా 2020లో 16,08,139కి చేరింది. ఉద్యోగ విరమణ చేసినవారికోసం కట్టిన సన్ సిటీ 1960 జనవరి 1న తెరవగానే, ఎడారిలో ఇళ్ళు అమ్మడం పెద్ద పరిశ్రమ కాగలదని రుజువయింది.

ఆ పైన ఎలక్ట్రానిక్ చిప్‌ల కర్మాగారాలు వచ్చాయి. వాటివెంట ఇంజనీర్లు వచ్చారు. ఛాండ్లర్, గిల్బర్ట్ ప్రాంతాలలో నేడు భారతీయ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో తెలుగువారూ ఉన్నారు. దక్షిణాన మారికోపా పట్టణంలో ఎడారి నేలపైనే మహాగణపతి ఆలయం వెలసింది.

నూరేళ్ళ నియమం

కొలరాడో నది నీటిని 336 మైళ్ళ దూరం, దాదాపు 2,900 అడుగుల ఎత్తుకు తోడి తీసుకువచ్చే కాలువ పని 1973లో ఆరంభమై, సుమారు ఇరవై ఏళ్ళు సాగింది. భూగర్భజలాన్ని ఇష్టం వచ్చినట్టు తోడుకోవడం మానకపోతే ఆ కాలువకు డబ్బివ్వబోమని కేంద్రప్రభుత్వం గట్టిగా చెప్పింది. ఫలితంగా 1980లో ఆరిజోనా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఫీనిక్స్ ప్రాంతంలో స్థలాలను విభజించి అమ్మేవాడు, ఆ ఇళ్ళకు నూరేళ్ళపాటు సరిపోయే నీరు ఉన్నదని ముందుగా రుజువు చేయాలి.

నియమం మంచిదే. కాని కాగితంమీద ఉన్న నీరు, నేలలో ఉన్న నీరు ఒకటి కాకపోవచ్చు. 2021 ఆగస్టులో కొలరాడో నదికి చరిత్రలో తొలిసారిగా నీటికొరత ప్రకటించారు. మరుసటి సంవత్సరం ఆరిజోనా తన వాటాలో దాదాపు అయిదోవంతు వదులుకోవలసివచ్చింది. 2023 జూన్‌లో రాష్ట్ర జలవనరుల శాఖ ఫీనిక్స్ ప్రాంతపు నూరేళ్ళ లెక్క బయటపెట్టింది. భూగర్భజలం అవసరాలలో సుమారు నాలుగు శాతం తీరదని తేలింది. కేవలం భూగర్భజలాన్నే నమ్ముకున్న కొత్త కాలనీలకు ధ్రువపత్రాలు ఇవ్వడం ఆగిపోయింది. అప్పటికే ధ్రువపత్రం పొందిన కాలనీలకు ఇబ్బంది లేదు. బకై, క్వీన్ క్రీక్ వంటి చివరి శివార్ల భవిష్యత్తు మాత్రం చిక్కున పడింది.

చట్టంలోని సందు

నూరేళ్ళ నియమం ఆరు లేక అంతకు మించిన ప్లాట్లుగా విభజించిన భూమికే వర్తిస్తుంది. అయిదుకు మించకుండా ముక్కలు చేసి అమ్మేవాడికి ఆ బాధ్యత లేదు. స్కాట్స్‌డేల్ నగరపు సరిహద్దుకు అవతల ఉన్న రియో వర్డె ఫుట్‌హిల్స్ చాలావరకు ఇలా పెరిగినదే. కొండల అందం, విశాలమైన స్థలాలు చూసి జనం కొన్నారు. బావులలో నీరు పడనివారు, బావులు ఎండినవారు లారీలతో నీళ్ళు తెప్పించి ఇంటి తొట్టెలు నింపుకునేవారు. ఆ లారీలు నింపుకునేది స్కాట్స్‌డేల్ కుళాయిలవద్ద.

కరవు ముదరడంతో, తన పౌరులకే ముందు నీరివ్వాలని భావించిన స్కాట్స్‌డేల్ 2023 జనవరి 1నుంచి ఆ సరఫరా ఆపివేసింది. లక్షల డాలర్ల ఇళ్ళలో ఉన్నవారు కాగితపు పళ్ళాలలో భోజనం చేశారు. వాననీరు పట్టి మరుగుదొడ్లలో పోసుకున్నారు. లారీలు దూరపు ఊళ్ళకు వెళ్ళవలసిరావడంతో నీటి ధర విపరీతంగా పెరిగింది. చివరకు శాసనసభ కల్పించుకున్నాకనే, అదే ఏడాది శరత్కాలంలో తాత్కాలిక ఏర్పాటు కుదిరింది. అక్కడివారు ఎవరినీ మోసం చేసి ఇళ్ళు కొనలేదు. కొన్నది చట్టబద్ధంగానే. చట్టబద్ధమైనదల్లా క్షేమకరం కాదని అనుభవపూర్వకంగా తెలుసుకున్నారు.

ఎండ లెక్క

నీటి తరువాత ఎండ. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడిమి నమోదైంది. పదహారు రాత్రులు వరుసగా 32 డిగ్రీలకన్న చల్లబడలేదు. ఆ ఏడాది మారికోపా కౌంటీలో వేడివల్ల 645 మంది, మరుసటి ఏడాది 608 మంది మరణించారు. అక్కడ ఎయిర్ కండిషనర్ విలాసవస్తువు కాదు, ప్రాణాధారం. అది ఎన్నేళ్ళ పాతదో, ఇంటి కప్పులో వేడిని ఆపే పొర ఎంత మందమో, వేసవిలో కరెంటు బిల్లు ఎంత వస్తుందో అడగకుండా ఇల్లు బేరమాడకూడదు.

మన కుటుంబాలకు ఇక్కడొక ధర్మసంకటం ఎదురవుతుంది. వాస్తు చూసేవారు తూర్పుముఖం ఇల్లు కోరతారు. తూర్పుముఖం ఇంటికి పెరడు పడమర దిక్కున వస్తుంది. పెద్ద కిటికీలు, కూర్చునే వసారా ఉండేది పెరటివైపే. సాయంకాలపు ఎండ సూటిగా తగిలేదీ అటే. ఉత్తర, దక్షిణ ముఖాల ఇళ్ళను స్థానికులు ఇష్టపడడానికి కారణమిదే. తూర్పుముఖమే కావాలనుకున్నవారు పడమర వసారాకు లోతైన చూరు, నీడనిచ్చే చెట్లు ముందే ఆలోచించుకోవాలి.

సంతకానికి ముందు

కొత్త కాలనీలో కొనేవారికి ఆరిజోనా స్థిరాస్తి శాఖ అనుమతించిన వివరణపత్రం ఇవ్వవలసి ఉంటుంది. నీటి ఆధారం, చుట్టుపక్కల ఉన్న విమానాశ్రయం వంటి ఇబ్బందులు అందులో ఉంటాయి. చాలామంది చదవకుండానే సంతకం చేస్తారు. నగరాల పరిధికి వెలుపల చిన్న ముక్కలుగా అమ్మే భూమికి అమ్మకందారు ప్రమాణపత్రం ఇవ్వాలి; అది అందాక కొనుగోలుదారుకు అయిదు రోజులలోగా బేరం రద్దు చేసుకునే హక్కున్నది.

భూగర్భజలం అతిగా తోడిన చోట నేల కుంగి పగుళ్ళు వారుతుంది. ఆ పగుళ్ళ పటాలను రాష్ట్ర భూగర్భ సర్వే సంస్థ ప్రకటిస్తున్నది; ఇంటి చిరునామాతో సరిచూసుకోవచ్చు. ఇంటివాయిదాతోపాటు గృహస్వాముల సంఘానికి నెలనెలా కట్టవలసిన రుసుము, కొన్ని కొత్త కాలనీలలో రోడ్లు, మురుగుకాలువల అప్పు తీర్చడానికి వేసే ప్రత్యేకపన్ను లెక్కలో కలపాలి. ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందన్న ధీమా కూడా పనికిరాదు. 2006 నుంచి 2011 వరకు ఫీనిక్స్ ప్రాంతంలో ఇళ్ళ ధరలు సగానికి పైగా పడిపోయాయి. ఊరి చివర కొన్నవారే ఎక్కువగా దెబ్బతిన్నారు.

ఎడారిలో ఇల్లు కొనరాదని దీని అర్థం కాదు. ప్రత్తికి, పశుగ్రాసానికి పారే నీటికన్న అదే విస్తీర్ణంలోని ఇళ్ళకు కావలసిన నీరు తక్కువ. అందుకే, సేద్యం మానుకున్న రైతు నీటిహక్కును కొత్త ఇళ్ళకు బదలాయించే చట్టాన్ని 2025లో ఆరిజోనా తెచ్చింది. కొలరాడో నీటి పంపకానికి 2007లో ఏర్పరచిన నియమాల గడువును మాత్రం 2026 వరకే నిర్ణయించారు. ముప్ఫై ఏళ్ళ అప్పుతో ఇల్లు కొనే కుటుంబం, తన వాయిదాలు ఎంతకాలమో చూసుకున్నంత శ్రద్ధగా ఆ నీటి ఒప్పందాలు ఎంతకాలమో కూడా చూసుకోవాలి.