ఖరగ్‌పూర్ చలికాలం: క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా

డిసెంబరు మూడో వారం నుంచి జనవరి నడిమి దాకా, అంటే ఇంచుమించు ధనుర్మాసమంతా, పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో పండుగలకు తెరిపి ఉండదు. క్రిస్మస్, వైకుంఠ ఏకాదశి, కొత్త సంవత్సరం, లోహ్రీ, భోగి, సంక్రాంతి వరుసగా వస్తాయి. ఎండాకాలంలో ఈ ఊళ్లో పగటిపూట బయట తిరగడం కష్టం. వానాకాలంలో ఉక్కపోత వదలదు. చలికాలంలో మాత్రం తెల్లవారుజామున 10 నుంచి 12 డిగ్రీలు, మధ్యాహ్నం 25 డిగ్రీల దరిదాపు. ఒక స్వెటర్ ఉంటే చాలు, రోజంతా నడిచి తిరగవచ్చు.

చలికాలపు యాత్ర అనగానే పత్రికల్లో ఆమ్‌స్టర్‌డామ్, బ్రూజ్ లాంటి ఐరోపా కాలువల ఊళ్ల బొమ్మలే ఎక్కువగా కనిపిస్తాయి. ఆ సరంజామాలో కొంత ఖరగ్‌పూర్‌లోనూ ఉంది: ఆంగ్లేయులు గీత గీసి వేసిన వీధులు, చర్చి గంటలు, పండ్ల కేకులు, ఊరికి దాపున ఒక పాత పడవల కాలువ. మిగిలినదంతా తెలుగు, బెంగాలీ, ఒడియా, పంజాబీ, బిహారీ ఇళ్లది. వీళ్లందరినీ ఒకచోట చేర్చింది ఒక రైలు కంపెనీ. ఖరగ్‌పూర్‌ను ‘మినీ ఇండియా’ అని పిలుచుకోవడం అక్కడివారికి అలవాటు. ఆ మాట ఎంత అరిగిపోయినదైనా ఈ నాలుగు వారాల్లో కాదనడం కష్టం.

కాలువ ఊరికంటే పాతది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను 1852కల్లా పూర్తి చేసిన ఆర్థర్ కాటన్, ఆ తర్వాత ఒడిశా నదులను పరిశీలించి అక్కడా ఆనకట్టలు, కాలువలు కట్టవచ్చని చెప్పాడు. సరుకు రవాణాకు రైలు కంటే కాలువే చవక అన్నది ఆయన జీవితమంతా పట్టువిడవని వాదం. ఆ ఆలోచనను నమ్మి పెట్టుబడి పెట్టిన ఈస్ట్ ఇండియా ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఒడిశాతో పాటు మేదినీపూర్ ప్రాంతంలోనూ పని మొదలుపెట్టింది. డబ్బు చాలక చేతులెత్తేస్తే పనులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1870ల్లో మేదినీపూర్ కాలువ వాడుకలోకి వచ్చింది. కంసావతి నది మీద మేదినీపూర్ ఆనకట్ట దగ్గర మొదలై, పాన్‌స్కుడా మీదుగా రూపనారాయణ్, దామోదర్ నదులను దాటుకుంటూ హుగ్లీ ఒడ్డున ఉలుబేరియా చేరుతుంది. రైలు రాకముందు కోల్‌కతాకూ మేదినీపూర్‌కూ మధ్య బియ్యం బస్తాల, మనుషుల రాకపోకలు ఈ నీటి దారిలోనే సాగేవి. గోదావరి డెల్టా కాలువల్లో పడవ ప్రయాణాల గురించి పెద్దల నోట విన్నవారికి ఈ కాలువ కథ పరాయిదిగా తోచదు. రెంటి వెనకా ఉన్నది ఒకే ఇంజనీరు ఆలోచన.

ఆ కాలువ గిరాకీని రైలు తినేసింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, వాడుకలో బి.ఎన్.ఆర్., 19వ శతాబ్దం చివరి ఏళ్లలో ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా ఎంచుకుంది. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ వంతెన తెరుచుకోవడంతో హౌరాకు నేరుగా దారి పడింది. హౌరా, టాటానగర్, బాలేశ్వర్, మేదినీపూర్ వైపు నాలుగు దారులు కలిసే చోట పెద్ద వర్క్‌షాపు, దాని చుట్టూ ఊరు లేచాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో సరుకు పడవలు తగ్గాక కాలువలు విహారానికి పనికొచ్చాయి. 17వ శతాబ్దపు కాలువల వలయాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మేదినీపూర్ కాలువకు ఆ అదృష్టం పట్టలేదు. అది సాగునీటి కాలువగా మిగిలింది. దాని మీద విహార పడవలు ఉంటాయనుకుని వెళ్తే నిరాశే.

1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న ఈస్ట్ కోస్ట్ లైను బి.ఎన్.ఆర్. చేతికి రావడం తెలుగువారికి ముఖ్యమైన మలుపు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఖరగ్‌పూర్‌కు ఒకే కంపెనీ రైలు. గ్యాంగ్ పనికి, లోకో షెడ్డుకు, వర్క్‌షాపుకు మనుషులు కావాలి. ఒకరు కుదురుకుంటే బావమరిదిని, అతను ఊరివాళ్లను పిలిపించుకున్నారు. 1927లో వర్క్‌షాపులో ఉద్యోగాల కోత మీద సాగిన కార్మిక పోరాటానికి నాయకుల్లో ఒకరు, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. మథురాకాటి, నీంపురా లాంటి రైల్వే పేటల్లో ఇవాళ నాలుగో తరం, ఐదో తరం తెలుగు కుటుంబాలు ఉన్నాయి. తెలుగు బడులు నడిచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటు ఇచ్చినప్పుడు ఆ నిర్ణయానికి ప్రధాన కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే. ఇంట్లో ఉత్తరాంధ్ర యాస, వీధిలో బెంగాలీ, వర్క్‌షాపులో రైల్వే హిందీ: మూడూ ఒకే వాక్యంలో కలవడం అక్కడ మామూలు.

చలికాలపు సంబరం మొదలయ్యేది క్రిస్మస్‌తో. రైలు పట్టాలకు దక్షిణాన ఉన్న సౌత్ సైడ్ ఒకప్పుడు యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగుల నివాసం. వెడల్పాటి రోడ్లు, పాత చెట్లు, పెంకుటింటి బంగళాలు, విందు వినోదాలకు కట్టుకున్న ఇన్‌స్టిట్యూటు ఆ కాలపు ఆనవాళ్లు. డ్రైవరు, గార్డు లాంటి ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్లకు ప్రాధాన్యం ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత చాలామంది బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా వెళ్లిపోయారు. ఈ సమాజం మీద మానవశాస్త్రవేత్త లారా బేర్ 2007లో ఒక పుస్తకమే వెలువరించింది. వెళ్లినవాళ్లు పోగా మిగిలిన ఆంగ్లో ఇండియన్ ఇళ్లతో పాటు తెలుగు, బెంగాలీ, సంతాల్ క్రైస్తవులు ఇప్పుడు క్రిస్మస్ జరుపుకుంటారు. సేక్రెడ్ హార్ట్, ఆల్ సెయింట్స్ చర్చిలు దీపాలతో వెలుగుతాయి. ప్రార్థనలకు వెళ్లే అతిథులు ముందు వేళలు కనుక్కోవడం, లోపల ఫోటోలకు అనుమతి అడగడం మర్యాద.

ఆంగ్లో ఇండియన్ క్రిస్మస్ పళ్లెం చూసిన తెలుగువారు ఆశ్చర్యపోయేది కేకును చూసి కాదు. రోజ్ కుకీలు, కుల్‌కుల్ అని వాళ్లు పిలిచే పిండివంటలు మన గులాబీ పువ్వులు, గవ్వలే. పువ్వుకు అదే ఇనుప అచ్చు, గవ్వకు అదే గాడి చెక్క. వాళ్లు పిండిలో గుడ్డు కలిపితే కలుపుతారు, మన ఇళ్లలో బియ్యప్పిండి, మైదా పాళ్లు మారతాయి, అంతే. డిసెంబరు 24న ఒక ఇంట్లో నూనెలో వేగిన పువ్వే మూడు వారాల తర్వాత ఇంకో ఇంట్లో సంక్రాంతి పేరుతో వేగుతుంది.

బెంగాలీలకు డిసెంబరు 25 ‘బొడోదిన్’. మతంతో పని లేకుండా ఆ రోజు కేకు కొనడం, పిక్నిక్‌కు వెళ్లడం వాళ్లకు రివాజు. గోల్ బజార్‌లో కేకుల దొంతరలు, నారింజ పళ్ల గుట్టలు, ఉన్ని దుస్తుల దుకాణాలు కిక్కిరిసిపోతాయి. జనవరి 1న కంసావతి ఒడ్డున గాడిపొయ్యిల మీద మాంసం కూర ఉడుకుతూ ఉంటుంది. నగరపు హంగు కూడా కావాలనుకుంటే కోల్‌కతా పార్క్ స్ట్రీట్ దీపాలు చూసి రావచ్చు. హౌరా 115 కిలోమీటర్లే, లోకల్ రైళ్లు రోజంతా ఉంటాయి.

ఈ కాలానికే ప్రత్యేకమైన రుచి ‘నొలెన్ గుర్’, కొత్త బెల్లం. అది చెరుకుది కాదు, ఈత చెట్టుది. ఆంధ్రలో ఈత చెట్టును ఎక్కువగా కల్లుకే గీస్తారు. బెంగాల్‌లో అదే రసాన్ని తెల్లవారకముందే దింపి, పులియకుండానే పెనాల్లో కాచి బెల్లం చేస్తారు. చలి లేకపోతే ఈ పని సాగదు. రాత్రి వెచ్చబడితే రసం కుండలోనే పులిసిపోతుంది. చెట్టుకు కొన్ని రోజులు విరామం ఇచ్చి గీసిన మొదటి రాత్రి రసం అన్నిటికంటే మేలైనది. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఉదయం ఆరు గంటలకల్లా వెళ్తే అప్పుడే దింపిన రసం దొరుకుతుంది. గబ్బిలాలు ముట్టే అవకాశం ఉండే రసం కనుక మూత కట్టిన కుండదీ, కాచినదీ తీసుకోవడం క్షేమం. నిపా వైరస్ విషయంలో వైద్యుల హెచ్చరిక ఇదే. బెల్లంతో చేసిన సందేశ్, రసగుల్లాలు ఫిబ్రవరి దాకా మిఠాయి కొట్లలో దొరుకుతాయి. మేదినీపూర్ ప్రాంతపు మరో చలికాలపు పని ‘గయనా బొడి’: మినప్పిండిని గసగసాలు పరిచిన పళ్లెంలో నగల ఆకారంలో వేసి ఎండబెట్టిన వడియాలు. వాటిని నూనెలో వేయించడానికి మనసొప్పదు. అంత పనితనం.

ధనుర్మాసం తెలుగు పేటల్లో ముగ్గులతో తెలుస్తుంది. రైల్వే క్వార్టరు ముందు జాగా ఎంత ఉంటే అంత ముగ్గు. బాలాజీ మందిరంలో వైకుంఠ ఏకాదశికి తెల్లవారుజామున బారులు తీరతారు. అసలు సందడి జనవరి రెండో వారంలో. పంజాబీల లోహ్రీ మంట, తెలుగువారి భోగి మంట ఒకే రాత్రికి అటూ ఇటూగా పడతాయి. ఊళ్లో రెండూ చూడవచ్చు. భోగినాడు తెలుగు ఇళ్లలో పిల్లల తల మీద రేగుపళ్లు పోస్తుంటే, పక్కింటి బెంగాలీ పిల్లలకు అదే పండు అప్పటికి నిషేధం. సరస్వతీ పూజలో అమ్మవారికి పెట్టేదాకా రేగుపండు కొరికితే పరీక్ష తప్పుతారని బెదిరింపు. ఆ పూజ వసంత పంచమికి, అంటే జనవరి చివరనో ఫిబ్రవరిలోనో వస్తుంది. అన్నాళ్లు ఆగడం పిల్లలకు ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

సంక్రాంతి నాడు ఒకే వీధిలో నాలుగు రకాల పిండివంటలు. తెలుగు ఇంట అరిసెలు, ఒడియా ఇంట ‘అరిసా పిఠా’ పేరుతో దాదాపు అవే. బెంగాలీ ఇంట కొబ్బరి, కొత్త బెల్లం కలిపి పల్చటి అట్టులో చుట్టిన పాటిషాప్టా, పాలలో ఉడికిన పులిపిఠే. బిహారీ ఇంట అటుకులు, పెరుగు, నువ్వుండలు. ఇచ్చిపుచ్చుకోవడాలు మధ్యాహ్నం దాకా సాగుతాయి. అదే రోజు జంగల్‌మహల్ అనే అటవీ ప్రాంతపు పల్లెల ఆడపిల్లలు నెలపాటు పాటలతో కొలిచిన టుసు దేవతను చౌడల్ అనే రంగు కాగితాల పల్లకీతో నదికి తీసుకెళ్లి నిమజ్జనం చేస్తారు. కంసావతి ఒడ్డున ఆ పాటలు, జాతర చూడదగినవి. గంగాసాగర్ స్నానానికి వెళ్లే యాత్రికులతో ఆ రెండు మూడు రోజులు హౌరా వైపు రైళ్లు నిండిపోతాయి కనుక కోల్‌కతా ప్రయాణం అప్పుడు పెట్టుకోకపోవడం మంచిది.

పండుగల మధ్య దినాల్లో చూడటానికి చోట్లున్నాయి. ఐఐటీ ఆవరణలోని పాత హిజ్లీ నిర్బంధ శిబిరం అన్నిటికంటే ముఖ్యమైనది. 1931 సెప్టెంబరు 16న ఇక్కడ పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు రాజకీయ ఖైదీలు చనిపోయారు. 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది ఈ భవనంలోనే. ఇప్పుడు అందులో నెహ్రూ సైన్స్ మ్యూజియం ఉంది. స్టేషనులోని 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం చాలా ఏళ్లు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 దాకా టికెట్ ఎగ్జామినర్‌గా పని చేసింది ఈ స్టేషనులోనే. క్రికెట్ అభిమానులు రైల్వేవారి సెర్సా మైదానాన్ని తప్పక అడిగి చూస్తారు.

నీటి ఒడ్డు అందం కోరేవారు పాన్‌స్కుడా దగ్గరి ఖీరాయికి వెళ్లాలి. హౌరా లోకల్ ఎక్కి గంటలోపు చేరవచ్చు. కంసావతి ఒండ్రు నేలలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చామంతి, బంతి తోటలు చాళ్లుచాళ్లుగా పూస్తాయి. తులిప్ తోటల కోసం హాలండ్ వెళ్లేవారు వసంతం దాకా ఆగాలి, ఇక్కడ నడి చలికాలంలోనే పూల కారు. అవి రైతుల జీవనాధారం. సెల్ఫీల కోసం మడుల్లోకి దిగి మొక్కలు తొక్కే సందర్శకుల మీద అక్కడివారికి కోపం ఉండటం న్యాయమే. పింగ్లా దగ్గరి నయా గ్రామం పటచిత్రకారులది. ఇంటి గోడల మీదా పొడవాటి చుట్టల మీదా బొమ్మలు వేసి, ఆ కథను పాడి వినిపిస్తారు. బొమ్మ కొనేవారికి పాట ఉచితం.

విశాఖపట్నం నుంచి ఖరగ్‌పూర్ సుమారు 765 కిలోమీటర్లు. ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌లు ఈ దారిలోవే. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే తెరుచుకుంటుంది. సంక్రాంతి ముందు ఖరగ్‌పూర్ నుంచి ఆంధ్ర వైపు రద్దీ ఎక్కువ, పండుగ తర్వాత ఆంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వైపు. యాత్రికులు ఆ రద్దీకి ఎదురు దిశలో ప్రయాణం పెట్టుకుంటే టికెట్లు దొరకడం తేలిక. ఊళ్లో హోటళ్లు తక్కువ, కొన్ని స్టేషను దగ్గర, కొన్ని ఇందా వైపు. డిసెంబరు చివరి వారానికి ముందుగానే గది మాట్లాడుకోవాలి.