మాట నేర్పేవారికీ... ఓ మంచి మాట!

పాప చేతిలో చింతగింజ. ముందు ఖాళీ డబ్బా. వెనక నుంచి 'ఆ' అని వినపడగానే గింజను డబ్బాలో వెయ్యాలి. అంతే ఆట! చెవులు బాగా వినపడే పిల్లలు చిటికెలో నేర్చేసుకుంటారు. పుట్టు చెవుడుతో ఉండి, ఈమధ్యే కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకున్న చిన్నారికి అదే వారాల తరబడి పని. అన్నాళ్లూ స్పీచ్ థెరపిస్టు ఆ, ఈ, ఊ, మ్, ష్, స్... అంటూనే ఉండాలి. ముఖంలో నవ్వు చెరగకూడదు. గొంతులో విసుగు వినపడకూడదు. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మ మాత్రం రోజూ ఒకటే అడుగుతుంది...

"ఇంగెన్నాళ్లు పడుతుంది మేడమ్?"

తల్లి తప్పు లేదు. ఆపరేషన్ అయితే మాటలొచ్చేస్తాయనే చాలామంది ఆశ. కానీ నాలుగేళ్ల పాపైనా సరే, మిషన్ ఆన్ చేసిన రోజే ఆమె చెవులకు పుట్టినరోజు. మామూలు బిడ్డ కూడా దాదాపు ఏడాది విన్నాకే కదా 'అమ్మ' అనేది! ఈ లెక్క మొదటిరోజే చెప్పకపోతే తల్లి దిగులు, కోపం రెండూ థెరపిస్టు మీదే పడతాయి.

కదిరి నుంచి మదనపల్లె వెళ్లే దారిలో ఉన్న తనకల్లు లాంటి మండలాల్లో కష్టం ఇంకాస్త ఎక్కువ. 2022 దాకా అనంతపురం జిల్లాలో, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతానిది వానను నమ్ముకున్న శనక్కాయ సేద్యం. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం భరించినా, థెరపీకి వెళ్లిన ప్రతిసారీ బస్సు ఛార్జీ, పోయిన కూలి ఇంటివాళ్లవే. వాన మొహం చాటేస్తే కుటుంబం బెంగళూరు బస్సెక్కేస్తుంది. ఆర్నెల్లుగా వచ్చిన బాబు కుర్చీ ఖాళీ! నేనేం తప్పు చేశానని థెరపిస్టు రాత్రంతా మథనపడుతుంది.

ఇలా మనసు ఇంకిపోవడాన్నే 'బర్నవుట్' అంటారు. 1974లో అమెరికా మానసిక నిపుణుడు ఫ్రాయిడెన్‌బర్గర్ దీని గురించి రాశారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇది జబ్బు కాదనీ, పనిచోట ఒత్తిడిని సరిగా పట్టించుకోకపోతే వచ్చే స్థితనీ తేల్చింది. అంటే 'కాస్త ఓపిక పట్టమ్మా' అంటే సరిపోదన్నమాట. రోజుకు ఎంతమంది పిల్లలు, ఒకరికీ మరొకరికీ మధ్య గొంతు తడుపుకునే వ్యవధి ఉందా, కష్టమైన కేసు గురించి మాట్లాడ్డానికి సీనియర్ ఎవరైనా ఉన్నారా... ఇవి చూడాల్సింది యాజమాన్యమే.

థెరపిస్టు చేసుకోగలిగినవీ లేకపోలేదు. 'ఎన్ని మాటలొచ్చాయి' అని కాకుండా ఏం మారిందో నోట్‌బుక్‌లో రాసుకోవడం అందులో ఒకటి. తలుపు చప్పుడుకి తల తిప్పాడు, పిలిస్తే ఒక్క క్షణం ఆగాడు... నెల తర్వాత తిరగేస్తే ఆ చిన్నచిన్న మెట్లే ధైర్యమిస్తాయి. తోటి థెరపిస్టుతో వారానికోసారి ఫోన్లో మాట్లాడుకోవడం ఇంకోటి. మండలాల్లోని భవిత కేంద్రాల టీచర్లకు ఆ వారం పాఠం చెప్పి పంపితే భారం పంచుకున్నట్టే.

అన్నిటికన్నా పెద్ద ఊరట, బెంచీ మీది అమ్మను లోపలికి పిలవడం. జీబ్రా, ఓడ బొమ్మలు పక్కన పెట్టి మేక, శనక్కాయ, ముద్ద అంటూ ఇంటి మాటలే పాఠంగా ఇస్తే అసలు థెరపీ వంటింట్లో జరుగుతుంది. వారానికి ఒకటి రెండు గంటలు గదిలో నేర్చుకున్నది ఎంత? అమ్మ వెంట తిరిగే గంటలెన్ని!

ఇక నిద్ర పట్టకపోయినా, పనికి వెళ్లాలంటేనే దిగులేస్తున్నా 2022లో మొదలైన టెలి మానస్ ఉచిత నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. థెరపిస్టులే కాదు, ఆ తల్లులు కూడా.

కూలికి బెంగళూరు వెళ్లిన ఇంటినీ వదులుకోనక్కర్లేదు. సెల్‌ఫోన్ ఉంటే చాలు. పనిచోట రేకుల షెడ్డు ముందు కూర్చుని, బాబు వెనక నుంచి 'ఆ' అంటూ అమ్మ రెండు నిమిషాల వీడియో పంపొచ్చు. చింతగింజ లేకపోతే గులకరాయైనా పర్లేదు.